ఊరి నాటకము - విమర్శకునికొక చాప

(పాస్టరేటు యువజనుల, స్త్రీల మైత్రి సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇయ్యబడిన అంశము "సంఘము - నాటకము". ఈ విషయములో మనలో రెండు అభిప్రాయములున్నవని మీకు తెలియును. నాటకము సువార్తకు మంచి సాధనమని కొందరందురు. అది లోకసంబంధమైనదని, గుడి ఆవరణలో దానికి చోటులేదని కొందరందురు. డిసెంబరు నెల రాగానే ఈ తగవు మొదలగును, జనవరితో సద్దుమణుగును, మరల డిసెంబరులో లేచును. నేను ఈ దినము ఆ తగవుకు తీర్పు చెప్పుటకు నిలువలేదు. ఆ తగవును మనము తగిన చోట పెట్టుకొనుట లేదని మనవి చేయుటకు నిలిచినాను. ఆడినవారు ఒక దిక్కున, విమర్శించువారు మరియొక దిక్కున ఉండి, ఒకరి మాట ఒకరి చెవిని పడకుండ పోవుచున్నది. అందుచేత మన నాటకము ఎదుగుట లేదు, మన విమర్శయు ఎదుగుట లేదు.

మొదట మనమున్న నేలను తలంచుకొందము. ఖమ్మము మొదలుకొని భద్రాచలము అడవి దాక నాటకము మనకు పరాయిది కాదు. భక్త రామదాసు పుట్టిన నేలకొండపల్లి మన దారిలోనిదే. ఆయన పేరిట ఖమ్మములో నాటకములాడు కళాక్షేత్రము ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామములో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సురభి నాటకము తెలుగు దేశమంతట తిరిగినది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి నాటకమును పల్లెల లోనికి తెచ్చినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు వ్రాసిన "మా భూమి" నాటకము తెలంగాణా రైతుల గోడును ఆంధ్ర జిల్లాలలో ఊరూర వినిపించినది, ప్రభుత్వ నిషేధమును కూడ ఎదుర్కొన్నది. ఇక మన సంఘ కుటుంబములలో అనేకుల పూర్వికులు చిందు భాగవతము చూచి పెరిగినవారు. మాదిగవాడలలో జాంబపురాణము ఆడిన ఆ చిందు కళకే 2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ ఇచ్చినారు. మనవారు క్రీస్తును అంగీకరించి వాడ పేరు మార్చుకొన్నను, రాత్రి తెల్లవార్లు కూర్చుండి కథ చూచు ఓపికను మాత్రము వెంట తెచ్చుకొన్నారు. మన క్రిస్మసు నాటకము ఆ ఓపిక మీద నిలిచినది.

ఆ నాటకము ఎట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. రెండు ట్రాక్టరు ట్రక్కులు ప్రక్కప్రక్కన నిలిపితే వేదిక. దుప్పట్లు తెరలు. గొల్లలకు నిజమైన గొంగళ్లు దొరకును, జ్ఞానులకు మాత్రము అమ్మల పట్టుచీరెలు కావలెను. హేరోదు వేషమునకు పోటీ ఎక్కువ, యోసేపు వేషమునకు తక్కువ. హార్మోనియము వాయించు తాత దగ్గినప్పుడు దేవదూత ఆగవలెను. ఈ మధ్య అనేక చోట్ల ఇది కూడ పోయి, రికార్డు పెట్టి పెదవులు కదుపు అలవాటు వచ్చినది. మాట నేర్చుకొను శ్రమ తప్పినది. దానితోపాటు మాటను గురించి ఆలోచించు పని కూడ తప్పిపోయినది.

ఇప్పుడు విమర్శకుల సంగతి. నాటకమును విమర్శించు పెద్దలను మనము పాతకాలపు వారని త్రోసివేయరాదు. వారి వెనుక గొప్ప వరుస ఉన్నది. సుమారు 200 సంవత్సర ప్రాంతమున కార్తేజీలో తెర్తుల్లియను వినోద ప్రదర్శనలకు వ్యతిరేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. 399లో కాన్‌స్టాంటినోపులులో క్రిసొస్తొము గుడి విడిచి గుఱ్ఱపు పందెములకు, నాటకశాలలకు పోయిన విశ్వాసులను కఠినముగ గద్దించినాడు. ఇంగ్లండులో ప్యూరిటనుల కాలమున 1642 నుండి 1660 దాక నాటకశాలలే మూతపడినవి. ఆనాటి రోమా వినోదములలో మనుష్యులను మృగములకు వేయుటయు ఒకటి. గనుక తెర్తుల్లియను కోపము ఊరకే వచ్చినది కాదు.

అయితే అదే సంఘము పదియవ శతాబ్దములో ఈస్టరు ఆరాధనలో సమాధి యొద్దకు వచ్చిన స్త్రీలను, దేవదూతను పాత్రలుగ నిలిపి పాడించినది. ఐరోపాలో చచ్చిపోయిన నాటకము గుడిలోనే తిరిగి లేచినదని చరిత్రకారులందురు. అదే శతాబ్దములో గాండర్‌షైము మఠములోని హ్రోత్స్‌విత అను స్త్రీ ఆరు నాటకములు వ్రాసినది. అంతకుముందే మన ప్రవక్తలు ఏమి చేసినారు? యిర్మీయా మెడకు కాడి కట్టుకొని తిరిగినాడు. యెహెజ్కేలు ఇటుక మీద పట్టణపు బొమ్మ గీసి, దానికి ముట్టడి వేసి, దినముల తరబడి ఒక ప్రక్కనే పండుకొన్నాడు. వారిని చూచి నవ్వినవారును, కోపించినవారును ఉండిరి. గనుక సంఘములో నాటకము ఎంత పాతదో, దాని మీద విమర్శ అంత పాతది. ఒకదానిని వెళ్లగొట్టి రెండవదానిని ఉంచుకొనవలెనని చూచుట వ్యర్థము.

విమర్శ వెళ్లగొట్టుటగా మారినప్పుడు నష్టమేమో మన తెలుగు క్రైస్తవులకు ఒక పాఠమున్నది. గుఱ్ఱం జాషువ గారు 1895లో వినుకొండలో పుట్టినారు. మూగ సినిమాల రోజులలో రాజమండ్రిలో తెరమీది బొమ్మలకు కథయు సంభాషణలును చదివి వినిపించు పని చేసినారు. పౌరాణిక కావ్యములు చదువుచున్నాడని, వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన మీద ఆగ్రహించినారు. ఒకవైపు కులము పేరిట అవమానము, మరియొకవైపు స్వంతవారి అనుమానము. ఆయనే తరువాత "క్రీస్తు చరిత్ర" వ్రాసినారు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. చదివిన పుస్తకమును చూచి మనిషిని కొలిచినవారికి ఆ మనిషి ఏమి వ్రాయబోవుచున్నాడో కనబడలేదు.

ఇక మంచి విమర్శ ఎట్లుండునో చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో మన యౌవనులు తప్పిపోయిన కుమారుని కథ ఆడినారు. తండ్రి, ఇద్దరు కొడుకులు, పనివారు, పందులు, అన్నియు చక్కగ కుదిరినవి. ముగిసిన తరువాత చాపలు చుట్టుచుండగ ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ పిల్లగానికి తల్లి లేదా?" అని అడిగినది. "వాక్యములో లేదమ్మా" అన్నాను. "వాక్యముల లేకపోతె లేదు గాని, ఇంట్ల ఉండదా? పిల్లగాడు పోయినంక తల్లి అన్నము తిన్నదా?" అన్నది. ఆమె కొడుకు మిరప కోతలకు పోయి మూడేండ్లు తిరిగి రాలేదని నాకు తరువాత తెలిసినది.

మరుసటి సంవత్సరము పిల్లలు తల్లిని పెట్టెదమన్నారు. వెంటనే ఒక పెద్దాయన లేచి, లేఖనమునకు కలుపరాదని అడ్డు చెప్పినారు. ఆయన మాటలో న్యాయమున్నది. ప్రతివాడు తనకు తోచినది కలుపుకొనుచు పోతే చివరకు ఎవరి కథయో తెలియకుండ పోవును. రెండు సాయంత్రములు దాని మీదనే మాట్లాడుకొన్నాము. చివరకు ఆ పెద్దాయనే దారి చూపినారు: తల్లి ఉండవచ్చును, ఆమెకు మాట ఉండరాదు. ఆ రాత్రి తండ్రి పరుగెత్తి కొడుకును కౌగిలించుకొనుచుండగ, వెనుక గడపలో ఒక ఆడపిల్ల చేతిలో అన్నపు గిన్నెతో ఊరకే నిలువబడినది. జనము నిశ్శబ్దమైపోయినారు. ఆ దృశ్యమును చేసినదెవరు? ప్రశ్న అడిగిన ముసలమ్మ, అడ్డు చెప్పిన పెద్దాయన, ఆడిన పిల్లలు. ముగ్గురిలో ఎవరు లేకపోయినను అది పుట్టెడిది కాదు.

ఇది మన పల్లెలోనే జరిగిన వింత కాదు. ఆఫ్రికాలోని కెన్యా దేశములో నైరోబి దగ్గర లిమూరులో కమిరీతు అను ఊరున్నది. 1977లో రచయిత గూగీ వా థియాంగో అక్కడి రైతులతో, ఫ్యాక్టరీ కూలీలతో కలిసి వారి స్వంత గికూయు భాషలో ఒక నాటకము తయారుచేసినారు. రిహార్సళ్లు తలుపులు మూసుకొని చేయలేదు. ఊరివారు వచ్చి చుట్టు కూర్చుండిరి. పాత పాట తప్పు పాడితే పెద్దలు దిద్దిరి, కూలివాని బ్రతుకు తప్పు చూపితే కూలివాడే లేచి దిద్దెను. ఆ నాటకము ఊరి ఆస్తి ఆయెను. ప్రభుత్వము కొద్ది వారములకే దానిని ఆపి, రచయితను చెరలో వేసినది. 1982లో ఆ నాటకశాలనే పడగొట్టించినది. ఊరివారి విమర్శ నాటకమును కట్టినది, అధికారి విమర్శ పడగొట్టినది. ఈ రెంటికి తేడా మనము తెలుసుకొనవలెను.

మన దేశములోను ఇంగ్లీషు దొరలు 1876లో నాటక ప్రదర్శనల చట్టము తెచ్చినారు. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బది ఏండ్లు గడచిన తరువాత, 2018లో గాని అది రద్దు కాలేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "చింతామణి" నాటకమును నిషేధించినది. కాళ్లకూరి నారాయణరావు గారు దానిని వ్రాసినది వేశ్యాలోలత్వమును ఖండించుటకు. కాలక్రమమున కొన్ని మేళములు నవ్వు కొరకు అశ్లీలమును చేర్చి, సుబ్బిశెట్టి పాత్రను ఒక కులమునకు ఎగతాళిగ మార్చినవి. ఆ కులమువారు నొచ్చుకొన్నారు, ఫిర్యాదు చేసినారు. నిషేధము మంచిదా కాదా అనునది వేరు సంగతి. ఆడిన మేళములు ఆ నొచ్చుకొన్నవారిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఏనాడైన విని యుంటే, తగవు సచివాలయము దాక పోవలసిన పని ఉండెడిదా?

ఈ ప్రశ్న మనకే తగులును. మన నాటకములలో హాస్యము కొరకు ఒక కులము వాని యాసను, ఒక మతము వాని వేషమును, త్రాగుబోతు భార్యకు పడిన దెబ్బలను వాడుకొనుచున్నాము. శుభశుక్రవారపు నాటకములో యూదులందరిని దుర్మార్గులుగ చూపుచున్నాము. దీని విషయమై జర్మనీ దేశములోని ఓబెరామ్మెర్గావ్ అను పల్లె చరిత్ర మనము వినదగినది. 1633లో ఆ ఊరిలో మహమ్మారి తగిలినప్పుడు, తమ్మును కాపాడితే ప్రభువు శ్రమల కథను తరతరములు ఆడెదమని వారు మ్రొక్కుకొన్నారు. 1634లో మొదటిసారి ఆడినారు. పది సంవత్సరములకొకసారి నేటికిని ఆడుచున్నారు. అయిదు వేల జనాభా గల ఊరిలో సుమారు రెండు వేలమంది అందులో పాల్గొందురు. ఆ ఊరిలో పుట్టినవారు, లేక ఇరువది ఏండ్లు కాపురమున్నవారే ఆడవలెనని నియమము.

అంత భక్తిగల నాటకములో ఒక విషము కూడ ఉండెను. అందులో యూదులను చూపిన విధము ద్వేషమును పెంచునదిగ ఉండెను. 1934లో హిట్లరు వచ్చి దానిని చూచి మెచ్చుకొన్నాడు. ఆ ద్వేషము ఎక్కడికి దారితీసినదో లోకమెరుగును. యుద్ధము తరువాత యూదులు, క్రైస్తవ పండితులు పాఠమును మార్చుడని అడిగినారు. ఊరు మొదట ఒప్పుకొనలేదు. మా మ్రొక్కు మాది, మీరెవరన్నారు. చాల కాలము పెనుగులాట జరిగినది. 1990 నుండి క్రిస్టియన్ స్టుకల్ అను ఆ ఊరి యువకుడు దర్శకుడై, విమర్శకులతో కూర్చుండి పాఠమును మార్చుచు వచ్చినాడు. యేసు రక్తము మామీద ఉండుగాక అని జనము కేకవేయు మాటను 2000లో తీసివేసినారు. 2010లో యేసు, ఆయన శిష్యులు యూదుల ప్రార్థనను హెబ్రీ భాషలో పాడినారు. పెండ్లియైన స్త్రీలు, ముప్పది అయిదేండ్లు దాటిన స్త్రీలు వేదిక ఎక్కుటకు సయితము 1990లో న్యాయస్థానము తీర్పు కావలసి వచ్చినది. కరోనా వలన 2020లో ఆగిన నాటకము 2022లో జరిగినది. మ్రొక్కు చెడలేదు, ఊరు చెడలేదు. విమర్శ విన్నందుకు ఆ నాటకములోని యేసు తన ప్రజల మధ్య పుట్టినవానిగ మరింత స్పష్టముగ కనబడినాడు.

ఇప్పుడు మన అడవి అంచు గ్రామముల సంగతి చెప్పి ముగించెదను. ఇది మనకు అన్నిటికంటె కఠినమైనది.

1860 ప్రాంతములో గోదావరి పనులు చూచుచుండిన హేగ్ దొర ఆసక్తి వలన దుమ్ముగూడెములో కోయల మధ్య సువార్త పని మొదలైనది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అయ్యగారు కోయ భాష నేర్చుకొని సువార్తను ఆ భాషలోనికి తెచ్చు పనిలో పాటుబడినారు. అంతటి ఆరంభము కలిగియు, నేడు మన కోయ గ్రామములలో క్రిస్మసు నాటకము పట్టణపు తెలుగులో జరుగుచున్నది. గొల్లలు గ్రాంథికము మాట్లాడుదురు, పిల్లలు అర్థము తెలియక వల్లించుదురు. ప్రక్కనున్న ఛత్తీస్‌గఢ్ ప్రాంతములో హబీబ్ తన్వీర్ గారు పల్లె నాచా కళాకారులతో నాటకములు చేసినప్పుడు ఇదే ఎదురైనది. వారిచేత హిందీ పలికించి, ఇక్కడ నిలువుము అక్కడ తిరుగుము అని గీతలు గీసినంత కాలము వారి నటన బిగుసుకొనిపోయినది. స్వంత భాషకు వదలిపెట్టగనే విచ్చుకొన్నది. 1975లో వచ్చిన "చరణ్‌దాస్ చోర్" లోకప్రసిద్ధమైనది, 1982లో ఎడింబరోలో బహుమానము తెచ్చినది.

మన ప్రాంతమున ఒక కోయ గ్రామపు యౌవనులు, నాటకము కోయ భాషలో ఆడెదము, డోలు కొట్టెదము, కొమ్ముల తలపాగ పెట్టుకొనెదము అన్నారు. ఆ సంఘములోని ఒక వృద్ధుడు కన్నీళ్లతో వద్దన్నాడు. "ఆ డోలు మా కొలుపుల డోలు. అది విడిచి వచ్చినందుకు నన్ను నా అన్నదమ్ములు ఇరువది ఏండ్లు పిలువలేదు. ఇప్పుడు మీరు దానిని గుడికి తెచ్చెదరా?" ఆ మాటను తేలికగ తీసివేయుటకు మనమెవరము? విడిచినదానికి వెల కట్టినవాడు ఆయన. రెండవ దిక్కున, సంఘములో లేని ఊరి పెద్దలు వేరు మాటన్నారు: "మా కొమ్ములు మా పెండ్లికి, మా పండుగకు. మీ నాటకానికి వేషము కాదు." ఇంకొక దిక్కున చదువుకొన్నవారు, మీ క్రైస్తవులు వచ్చి కోయల ఆటపాటలను మాన్పించినారని మనలను నిందించుచున్నారు. ఆ నిందలో నిజమెంతో మనము నెమ్మదిగ తూచుకొనవలెను, కోపగించరాదు.

ఆ గ్రామములో చివరకు ఇట్లు కుదిరినది. కొమ్ములు పెట్టుకొనలేదు, అవి ఊరందరివి గనుక. నాటకము కోయ భాషలో జరిగినది. డోలు విషయమై ఆ వృద్ధుడు ఇంకను ఒప్పుకొనలేదు. యౌవనులు కాచుకొని యున్నారు. వారు ఆయనను వదలి వేరుగ ఆడుకొనలేదు, ఆయన వారిని గద్దించి వెళ్లగొట్టలేదు. ఇది ఓటమి అని నేననుకొనుట లేదు.

మణుగూరు దిక్కున కూనవరము గ్రామమునకు చెందిన సకిని రామచంద్రయ్య గారిని మీలో కొందరెరుగుదురు. కంచుమేళముతో సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశముల కథలను కోయలోను తెలుగులోను పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో కన్నుమూసినారు. మన విశ్వాసము వేరైనను, ఒక జాతి జ్ఞాపకమంతయు ఒక గొంతులో నిలువగలదని ఆయన చూపినారు. అటువంటి గొంతులున్న ఇండ్లనుండి వచ్చిన మన పిల్లలు రికార్డుకు పెదవులు కదుపుట తగునా? దోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠింపబడిన మన మందిరమును చూడుడి. అజరయ్య తండ్రిగారు ఈ దేశపు గుళ్ల రూపమును, మసీదుల రూపమును కలిపి దానిని కట్టించినారు. ఆనాడు దానికిని అడ్డు చెప్పినవారు ఉండియుందురు. ఆయన ఈ నేలకు చెవియొగ్గి కట్టించినారు.

కనుక యౌవనులకును పెద్దలకును నా మనవులు కొన్ని.

ఒకటి, రిహార్సలు తలుపులు తీసి చేయుడి. వారములో ఒక దినము ఎవరైన వచ్చి కూర్చుండవచ్చునని సంఘములో ప్రకటించుడి. నాటకము అయిన తరువాత పుట్టిన కోపము కంటె ముందు చెప్పిన మాట మేలు.

రెండు, నాటకము ముగిసిన మరునాటి సాయంత్రము ఒక చాప పరచి, చూచినవారిని పిలువుడి. మొదట స్త్రీలను, తరువాత పిల్లలను, చివరకు పెద్దలను, నన్ను మాట్లాడనియ్యుడి. పాస్టరు ముందుగ మాట్లాడితే ఇక ఎవరును నోరు విప్పరు. ఆడినవారు ఆ సాయంత్రము జవాబు చెప్పరాదు, వినవలెను. జవాబు వచ్చు నాటకములో చెప్పవలెను.

మూడు, విమర్శించువారు నాటకము చివరదాక చూచినవారై యుండవలెను. టీ కొట్టులో విన్నదానిని బట్టి విమర్శించుట పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకుట వంటిదే.

నాలుగు, మన కథలో ఎవరినైన నవ్వులపాలు చేసినయెడల, వారిలో ఒకరిని ముందుగ పిలిచి చూపుడి. వారి ఎదుట నవ్వలేని మాటను వారి వెనుక నవ్వరాదు.

అయిదు, కోయ గ్రామములలో నాటకము ఏ భాషలో, ఏ వాద్యముతో ఆడవలెనో ఆ గ్రామములవారే తేల్చుకొనవలెను. పట్టణమునుండి పోయిన మనము అడిగినప్పుడు సహాయము చేయుదము, అడుగనప్పుడు చాప మీద కూర్చుండి చూతము.

నూరేండ్లు నిండిన అధ్యక్ష ఖండములో మనకు మందిరములున్నవి, పాఠశాలలున్నవి, వైద్యశాలలున్నవి. వీటికి లెక్కలున్నవి. ట్రాక్టరు ట్రక్కు మీద ఆడిన నాటకములకు లెక్క లేదు, అయినను అనేకులు చదువురాని రోజులలో వాక్యమును మొదట చూచినది అక్కడనే. దానిని రాబోవు తరమునకు అప్పగించవలెనంటే, ఆడువాని ధైర్యమును, అడ్డు చెప్పువాని ప్రేమను దేవుడు మనకు కలిపి అనుగ్రహించవలెను. ఈ డిసెంబరులో ఆ చాప మొదట మీ సంఘములో పరువబడును గాక. ఆమేన్.